అడ్డగాలి లెక్క

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో, పడమటి గది కిటికీ రెక్క దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆషాఢం గాలి. మా తాడేపల్లిగూడెంలో ఈ నెలంతా అది పడమటి నుంచే వస్తుంది, మధ్యాహ్నం దాటాక మరీ ముదురుతుంది. గడియ వేద్దామని లేచి, ఎదురు డాబా మీద ఆరేసిన చీర ఎంత ఎత్తుకి లేస్తోందో చూసి, ఇది సెకనుకి ఎనిమిది మీటర్లకు తక్కువ ఉండదు, ఉత్తరంగా పోయేవాళ్ళకి పూర్తిగా అడ్డం, ముక్కు ఎడమకి నాలుగున్నర డిగ్రీలు తిప్పుకోవాలి అని మనసులో లెక్క వేసేసుకున్నాను. గడియ వేసి మళ్ళీ పడుకున్నాక గానీ, ఉత్తరంగా పోవలసిన వాళ్ళెవరూ ఇప్పుడీ ఇంట్లో లేరన్న సంగతి తట్టలేదు.

గాలి లేస్తే నా ఈడు ఆడవాళ్ళు డాబా మీద వడియాలు ఎగిరిపోతాయని మెట్లెక్కుతారు గానీ, విమానం ముక్కు ఎంత తిప్పాలా అని చూడరు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఏలూరులో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను, పొద్దున్న పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో తిరిగి వచ్చాను, అన్నేళ్ళలో ఒక్కనాడు కూడా విమానం లెక్క చెయ్యవలసిన అవసరం రాలేదు. అది రిటైరయ్యాక, కంప్యూటరు ఆట ముందు, మా వారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పటికి ఆలస్యమైంది. ఆ ఆలస్యం గురించే ఇదంతా రాస్తున్నాను.

మా ఊళ్ళో యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు కట్టిన రన్‌వే ఒకటి ఉందని మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా అత్తవారి పొలం దానికి దగ్గర్లోనే. మా వారు పుట్టేటప్పటికే యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్ళిపోయాయి, రన్‌వే మాత్రం మిగిలింది. విమానాలు లేకపోతే ఏం, అంత చదునైన, అంత గట్టి నేల ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు గనక, కోతలయ్యాక రైతులంతా ధాన్యం తెచ్చి దాని అంచున ఆరబోసుకునేవారు, అక్కడే తూర్పారబట్టుకునేవారు. చెట్టూ పుట్టా అడ్డం లేని చోట గాలి ఒకే తీరుగా వస్తుందట. మా మామగారు ఎత్తు బల్ల మీద నిలబడి చేటతో ధాన్యం జారవిడుస్తుంటే, మా వారు చిన్నతనంలో కింద కూర్చుని గాలికి ఎగిరిపడిన తాలు చీపురుతో పక్కకి ఊడ్చేవారు. ఊడుస్తూ, తండ్రి చెప్పే విమానాల కబుర్లు వినేవారు. ఆ కబుర్లు మామగారు చూసినవెన్నో, కల్పించినవెన్నో నేను తేల్చుకోలేకపోయాను గానీ, మా వారు మాత్రం ఒక్కటి కూడా అనుమానించలేదు. ఆయన జీవితంలో విమానం ఎక్కలేదు. ఎరువుల కొట్టు పెట్టుకుని, పొలం చేయించుకుంటూ, ఆకాశంలో చప్పుడైతే మాత్రం బస్తా తూచడం ఆపి బయటికొచ్చి, కనుమరుగయ్యేదాకా చూసి లోపలికి వచ్చేవారు.

ఆయన కుడిచెయ్యి వణకడం నేను మొట్టమొదట విన్నాను, తరవాత చూశాను. వంటింట్లో ఉండగా, వసారాలో పేపరు గలగలలాడుతున్న చప్పుడు వినబడింది, ఫాను వేసుకున్నారు కాబోలు అనుకున్నాను. కాఫీ తీసుకెళ్ళి చూస్తే ఫాను తిరగడం లేదు. ఏలూరు తీసుకెళితే అక్కడి డాక్టరు గారు ఆయన్ని నాలుగడుగులు నడిపించి, వేళ్ళు ఆడించమని, సంతకం పెట్టించి చూసి, పార్కిన్సన్స్ అని చెప్పారు. దాచకుండా చెప్పే మనిషి. ఇది వెనక్కి పోయే జబ్బు కాదండీ, మాత్రలతో కొన్నాళ్ళు నిలబెట్టగలం, ఆ కొన్నాళ్ళూ ఎన్నాళ్ళని మాత్రం అడగకండి అన్నారు. లెక్కల మనిషిని, అడగకుండా ఎలా ఉంటాను, అడిగాను. ఆయన చెప్పలేదు.

కొట్టు మా మరిది చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ జబ్బులో ఒక విచిత్రం ఉంది, ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వణికేది, ఏదైనా పట్టుకుంటే నిలిచిపోయేది. అందుకని మా వారు ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుని ఉండేవారు, చేతికర్రో, మడిచిన తువ్వాలో. మాట్లాడటానికి ఎవరైనా వస్తే తువ్వాలు కోసం ముందు వెతుక్కునేవారు. అది చూసే కాబోలు, తణుకులో ఫ్యాక్టరీలో పనిచేసే మా అల్లుడు ఒక ఆదివారం కంప్యూటరూ, దానికి తగిలించే ఒక హ్యాండిలూ తెచ్చి, పడమటి గదిలో బల్ల మీద బిగించి, విమానం నడిపే ఆట ఒకటి పెట్టి వెళ్ళాడు. పాత యుద్ధకాలం బాంబరు విమానం. మా వారు ఆ హ్యాండిలు పట్టుకోగానే చెయ్యి నిలిచిపోయింది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం తెర వంకే చూస్తున్నారు.

మొదటి పేచీ నాది. తెర మీద ఒక ఊరు కనిపించింది, ఎర్ర పెంకుల ఇళ్ళు, మధ్యన నది.

“అవెవరి ఇళ్ళు బాబూ?” అని అల్లుణ్ణి అడిగాను.

“ఎవరివీ కావత్తయ్యగారూ, బొమ్మలు.”

“బొమ్మయినా ఇల్లే కదా. మా ఇంట్లో కూర్చుని ఇళ్ళ మీద బాంబులు వెయ్యడం కుదరదు.”

అల్లుడు నవ్వి, వెతికి వెతికి, అందులోనే కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి సముద్రంలో ఒక తెల్లటి తెప్ప ఉందని పట్టుకొచ్చాడు. మనుషుల్లేని తెప్ప, చుట్టూ నీళ్ళు. తప్పినా నీళ్ళలో పడుతుంది, తగిలినా చెక్కలే పోతాయి. దానికి నేను ఒప్పుకున్నాను. ఆ తెప్పే మా ఇద్దరికీ ఏడాదిన్నర పాటు వ్యాపకమైంది.

గాలి లేకుండా వెయ్యడం కష్టం కాలేదు. మేము ఎప్పుడూ ఉత్తరంగా, రెండువేల మీటర్ల ఎత్తున, సెకనుకి వంద మీటర్ల వేగంతో వెళ్ళేవాళ్ళం. అంత ఎత్తు నుంచి బాంబు కిందికి చేరడానికి ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లూ అది విమానంతో పాటే ముందుకు వస్తుంది గనక, తెప్ప ఇంకా రెండువేల మీటర్ల దూరం ఉండగానే వదలాలి, పడేటప్పటి ఒరిపిడికి ఓ వంద తగ్గించుకోవాలి. నేను లాగరిథమ్ టేబుల్సు తీసి కోణం కట్టాను, ఆయన తెర మీద గురి చూసే దుర్భిణిలో ఆ కోణానికి గీత పెట్టుకుని, చెయ్యి కదలకుండా పట్టుకుని, గీత మీదికి తెప్ప రాగానే మీట నొక్కేవారు. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు ఒళ్ళు వదులై, ఒక మూడు గంటలు బాగుండేది. ఆ మూడు గంటల్లోనే స్నానం, ఆ మూడు గంటల్లోనే బొత్తాలు పెట్టుకోవడం, అందులోనే విమానం. పదిసార్లు వేస్తే ఆరేడు తెప్ప మీద పడేవి. ఆ రోజుల్లో ఆయన భోజనం కూడా ఒక ముద్ద ఎక్కువే తినేవారు.

అప్పుడే ఒకనాడు మా మరిది కొట్టు తాళాలు ఇవ్వడానికి వచ్చి, వెనకాల నిలబడి చూశాడు. తెప్ప మీద బాంబు పడింది. మా వారు కుర్చీ తిప్పి తమ్ముడి వంక చూశారు, మెచ్చుకుంటాడని.

“గాలి ఏదన్నయ్యా?” అన్నాడు మరిది.

“గాలి పెట్టలేదు.”

“గాలి లేకుండా వెయ్యడమేంటి, బావిలో చేద వెయ్యడం కాదూ? నాన్నగారుంటే అనేవారు, గాలి లేని రోజున తూర్పారబట్టినట్టుందిరా నీ పని అని.”

మరిది మనసులో ఏమీ లేదు, అది వాళ్ళన్నదమ్ముల సరసం. మా వారు కూడా నవ్వారు. కానీ మర్నాడు మాత్ర పనిచెయ్యడం మొదలవగానే, అడ్డగాలి సెకనుకి పది మీటర్లు పెట్టమన్నారు. ఎదురుగాలో వెనకగాలో కాదు, అడ్డగాలి. చెయ్యి పూర్తిగా పోయేలోపల, అడ్డగాలిలో, ఎవరి సాయం లేకుండా తన చేత్తో ఒక్కటి ఆ తెప్ప మీద వెయ్యాలన్నారు. ఒక్కటి చాలన్నారు. అలా పట్టుబట్టి ఏదైనా అడగడం ఆయనలో నేను పెళ్ళైన కొత్తలోనే చూశాను, మళ్ళీ అప్పుడే.

అడ్డగాలిలో విమానం ఎలా నడపాలో నాకు మా కొల్లేరు ముందే చెప్పి ఉంచింది. మా పుట్టిల్లు కొల్లేటి గట్టున. మా అమ్మమ్మగారి ఊరు అవతలి ఒడ్డున. వేసవి సెలవులకు మా నాన్నగారు మమ్మల్ని తాటిదోనెలో ఎక్కించి పంపేవారు. నీళ్ళ మీద ఎక్కడ చూసినా పిట్టలు, తూటికాడ పూలు, గడకర్ర బురదలో దిగినప్పుడు లేచే ఆ వాసన. దోనెవాడు అమ్మమ్మగారి రేవు వంక ఎన్నడూ ముక్కు పెట్టేవాడు కాదు. రేవు ఒకచోట ఉంటే, దానికి బాగా పడమరగా ఉన్న జంట తాడిచెట్ల వంక పెట్టి గడ వేసేవాడు, దోనె పీతలాగా పక్కవాటుగా జరుగుతూ జరుగుతూ సరిగ్గా రేవుకే చేరేది. చిన్నదాన్ని, దారి తప్పాడేమోనని మొదటిసారి ఏడ్చాను కూడా. గాలి ఎంత నెడుతుందో అంత ముందే దానికి ఎదురు ఒరిగి ఉండాలన్న సంగతి అప్పుడు తెలిసింది. ఇప్పుడా కొల్లేట్లో చేపల చెరువుల గట్లే ఎక్కువ, దోనె మీద ఒడ్డు నుంచి ఒడ్డుకి తిన్నగా పోవడానికి దారే లేదు, గట్ల మీద మోటారు సైకిలు వేసుకుని పోతున్నారు. సరే, ఆ మాట అలా ఉంచితే, విమానానికీ అదే లెక్క. వంద మీటర్ల వేగానికి పది మీటర్ల అడ్డగాలి అంటే ముక్కు గాలి వైపు ఆరు డిగ్రీలకు రవంత తక్కువ. అది నేను కట్టి ఇచ్చాను. ఆ లెక్క ఒప్పే.

మా వారి లెక్క వేరే ఉంది. ముక్కు తిప్పుకోవడం విమానం కోసం, మరి బాంబు సంగతేమిటి అన్నారు. విమానంలోంచి జారిన తరవాత ఇరవై సెకన్లు అది గాలిలో ఉంటుంది, గాలిలో ఉన్నది గాలితో పోక ఎక్కడికి పోతుంది, చేటలోంచి జారిన తాలు ఎంత దూరం పోయేదో రన్‌వే మీద నేను ఊడ్చినవాణ్ణి, నాకు తెలియదా అన్నారు. సెకనుకి పది మీటర్లు, ఇరవై సెకన్లు, రెండువందల మీటర్లు. కాబట్టి తెప్పకు గాలివైపు రెండువందల మీటర్లు ఎడంగా వెయ్యాలి. విన్నాను, ఒప్పనిపించింది. నేనూ కళ్ళం చూసిన దాన్నే, తూర్పారబట్టిన నాడు తాలు, పొట్టు, దుమ్ము మా పెరటిదాకా వచ్చి తలనిండా పడేవి. గుణకారం తప్పులేదు. ఆరు డిగ్రీలూ, రెండువందల మీటర్లూ, రెండూ కలిపి కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టాను.

ఆ తరవాత నెలల తరబడి ఒక్కటంటే ఒక్కటి తెప్ప మీద పడలేదు. గాలి వచ్చే వైపే, తెప్పకు చాలా దూరంగా, నీళ్ళలో తెల్లగా లేచేది. ఒకే చోట పడుతూ ఉంటే లెక్క తప్పని ఎవరికైనా తెలిసిపోతుంది. అలా కూడా పడలేదు. తెప్పను వదిలేసి గుర్తు లేని ఖాళీ నీళ్ళకు గురి పెట్టాలి, అంచనా ఒక రవ్వ అటూ ఇటూ అయితే వంద మీటర్ల తేడా వస్తుంది గనక, ఒకటి నూట ఇరవైలో, ఒకటి రెండువందల యాభైలో, ఒక్కొక్కప్పుడు అవతలి వైపు. నీ ముక్కు ఎక్కువైందేమో, నాలుగు డిగ్రీలు చెయ్యి అనేవారు. నాలుగు చేస్తే విమానమే గాలికి కొట్టుకుపోయి ఇంకా గందరగోళమయ్యేది. నా ముక్కు తప్పు కాదండీ, మీ తాలు తప్పేమో చూడండి అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను గానీ, గట్టిగా అనలేదు. అనడానికి నా దగ్గర కారణం లేదు, ఊరికే విసుగు.

“తాలు సంగతి నాకు చెప్తావా? నువ్వు దోనెలో కూర్చున్న దానివి” అనేవారు.

“కూర్చున్నాను గనకే చేరాను” అనేదాన్ని.

అంతవరకూ బాగానే ఉండేది, దెబ్బలాడుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. తరవాత తరవాత ఆయన నాతో వాదించడం మానేశారు. బాంబు తప్పినప్పుడల్లా తెర వంక కాకుండా తన చెయ్యి వంక చూసుకునేవారు. లెక్క మీద ఆయనకు అనుమానం లేదు, నేను కట్టిన లెక్క తప్పదని ఆయన నమ్మకం. ఇక మిగిలింది చెయ్యే. హ్యాండిలు మీద నిలకడగా ఉన్న చేతిని, ఇది లోపల్లోపల వణుకుతోంది, నీకు కనబడటం లేదు, నాకు తెలుస్తోంది అనేవారు. అల్లుడు వచ్చి చూసి, చెయ్యి బాగానే ఉంది కదండీ మావయ్యగారూ అంటే, మీరు మంచివారు గనక అలా అంటారు అన్నారు. తప్పిన ప్రతి బాంబూ ఆయనకు డాక్టరు గారి మాటలాగే వినబడేది.

ఏడాది తిరిగేసరికి చెయ్యి నిజంగానే దిగజారింది. మూడు గంటలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. ఏలూరు వెళితే మాత్రలు పెంచారు. పెంచిన మాత్రకు మెడా భుజమూ వాటంతట అవి మెలికలు తిరిగేవి, తగ్గిస్తే కుర్చీలోంచి లేవలేకపోయేవారు. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు ఎదుటి సీటులో పిల్లలు ఆయన మెడ వంక చూసి నవ్వుతుంటే, ఆయన కిటికీ బయటికి చూస్తూ, వరి దుబ్బులు ఏ వైపు వాలాయో చూసి, ఇవాళ ఆగ్నేయం గాలి అన్నారు. ఆయన కొట్టుకి ఎప్పుడైనా వెళ్ళి కూర్చోవడం కూడా మానేశారు, ముద్ద కలుపుకోవడం మానేశారు, నేనే పెట్టేదాన్ని. పడమటి గదికి మాత్రం వెళ్ళేవారు. ఆ ఒక్క గంటలో స్నానం మానేసి విమానం ఎక్కుతానంటే, నేను వద్దనలేకపోయాను.

ఆ రోజు నేను మినుములు బాగుచేసుకుంటున్నాను. కొత్త మినుములు, చేలో రాలిన ఆకూ పొట్టూ బాగా కలిసి ఉన్నాయి. చెరగడానికి భుజం నొప్పిగా ఉండి, ఫాను ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చేటతో పై నుంచి కింద పళ్ళెంలోకి జారవిడుస్తున్నాను. పొట్టు ఎగిరి గోడదాకా పోతోంది. మినుములు గలగలా పళ్ళెంలో పడుతున్నాయి. ఎప్పుడూ చేసే పనే, యాభై ఏళ్ళుగా చేస్తున్నదే. చేట చేతిలో ఉండగానే ఆగిపోయాను. గింజ పళ్ళెంలోనే పడుతోంది. ఫాను తిరుగుతున్నా, గింజ పళ్ళెంలోనే పడుతోంది.

బాంబు తాలు కాదు, గింజ. రన్‌వే మీద ఆయన ఊడ్చింది తాలు గనక ఆయనకు తాలే గుర్తుంది, నా తలమీద పడింది పొట్టు గనక నాకు పొట్టే గుర్తుంది. గింజ మామగారి కాళ్ళ దగ్గరే రాశిగా పడేది, రాశి వంక మాత్రం ఇద్దరమూ చూడలేదు. ముక్కు ఆరు డిగ్రీలు తిప్పి విమానాన్ని తెప్ప మీదికే తిన్నగా నడిపిస్తే, వదిలిన బాంబు కూడా ఆ దారినే తిన్నగా పోతుంది, అంత బరువైన దాన్ని గాలి పక్కకి లాగేది బహుశా పది మీటర్లు. మేము పదికి బదులు రెండువందల మీటర్లు ఎడం వదిలాము. గాలి లెక్క ఒకసారి నా దోనెలో కట్టి, మళ్ళీ ఆయన చేటలో కట్టాము. దేనికది ఒప్పే. రెండూ కలిపినందుకే తప్పయింది.

చేటా పళ్ళెమూ అక్కడే వదిలి, గుప్పెడు మినుములు తీసుకుని పడమటి గదిలోకి వెళ్ళి, ఆయన ముందు బల్లమీద ఫాను పెట్టి జారవిడిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఇంకోసారి విడవమన్నారు. విడిచాను. ఒక గింజ వేలితో పట్టుకుందామని ప్రయత్నించారు, దొరకలేదు.

“అవును,” అన్నారు. “గింజే.”

ఆ మర్నాటి నుంచి పది రోజులో పన్నెండు రోజులో కూర్చున్నాము. అప్పటికి హ్యాండిలు పట్టుకున్నా కూడా చెయ్యి నిలవడం లేదు. తెప్ప మీదికి చేరాలంటే రెండు నిమిషాలు తిన్నగా పట్టుకోవాలి, ఆయన చెయ్యి అర నిమిషం నిలిచేది. విమానం రెక్కలు అటొకసారి ఇటొకసారి వాలేవి, గీత తెప్పను దాటిపోయి మళ్ళీ వచ్చేది. ఎడమ చేత్తో కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని చూశారు. మోచెయ్యి బల్లకు తువ్వాలుతో కట్టమన్నారు, కట్టాను. అది చూసి మా అమ్మాయి నన్ను కోప్పడింది. ఇప్పుడు లెక్క ఒప్పు, కాగితం మీద ఆరు డిగ్రీలూ పది మీటర్లూ తప్ప ఇంకేమీ లేవు, ఇంతకన్నా సులువైన లెక్క నేను ఎనిమిదో తరగతికి కూడా ఇవ్వలేదు. చేత్తోనే రాలేదు.

చివరి రోజున మాత్ర అసలు పని చెయ్యలేదు. గంటసేపు చూసి, ఆయన కుర్చీ పక్కకు జరపమన్నారు.

“నువ్వు పట్టుకో.”

“నాకెందుకండీ, రేపు చూద్దాం.”

“రేపేముంది? పట్టుకో, లెక్క ఒప్పో కాదో చూడాలి కదా.”

నేను అంతకు ముందు ఒక్కసారి కూడా ఆ హ్యాండిలు పట్టుకోలేదు. పట్టుకున్నాను. ముక్కు ఆరు డిగ్రీలు గాలివైపు పెట్టాను, తెప్ప కుడిపక్కన ఎక్కడో ఉన్నట్టు కనబడుతూ, మా దోనె రేవుకి చేరినట్టే పక్కవాటుగా దగ్గరికి వచ్చింది. ఇంకాస్త, ఇంకాస్త, ఆగు అని ఆయన నెమ్మదిగా చెబుతున్నారు. ఇప్పుడు అన్నారు. నొక్కాను. ఇరవై సెకన్లు లెక్కపెట్టాను. తెప్ప ఉన్న చోట తెల్లగా నీళ్ళు లేచాయి, అవి పడిపోయాక చెక్కముక్కలు నాలుగు తేలుతూ కనబడ్డాయి.

“పడింది,” అన్నారు ఆయన. తరవాత నాతో కాదు, ఒళ్ళో కొట్టుకుంటున్న చెయ్యి వంక చూస్తూ, “అయితే మొదట్లో ఇది బాగానే ఉందన్నమాట,” అన్నారు.

అవునండీ, బాగానే ఉంది అని అందామని నోరు తెరిచాను. నిజమే కదా. ఆ మొదటి నెలల్లో ఎవరైనా సరైన కాగితం ముందు పెట్టి ఉంటే, ఆయన కోరుకున్న ఆ ఒక్కటి ఆయన చేత్తోనే పడి ఉండేది, ఒకటి కాదు, పదింటికి ఆరేడు పడి ఉండేవి. ఆయన తన చెయ్యి పోయిందనుకుని కుమిలిపోయిన నెలలన్నీ, చెయ్యి ఉన్న నెలలే. ఈ మాట అంటే ఓదార్పు అవుతుందో, ఇంకేమవుతుందో నాకు తేలలేదు. మాట లోపలే ఉండిపోయింది. ఆయన లేవదీయమన్నారు, వసారాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

ఆ గదిలోకి ఆయన మళ్ళీ రాలేదు. ఆ తరవాత నాలుగేళ్ళు ఉన్నారు. చివరి రెండేళ్ళూ మంచం మీదే, మాట కూడా లోపలికి పోయి, పెదాల దగ్గర చెవి పెట్టుకుని వినవలసి వచ్చేది. ఆకాశంలో చప్పుడైతే కళ్ళు మాత్రం పైకి తిరిగేవి, పైన ఇంటి కప్పే ఉండేది. తువ్వాలు చేతిలో పెట్టినా వేళ్ళు ముడుచుకునేవి కావు. ఆయన పోయిన రోజున చెయ్యి నిలిచిపోయింది. మా మరిది దాన్ని పట్టుకుని, ఎంత నెమ్మదిగా ఉందో చూడొదినా అన్నాడు. చూడలేదు.

ఇప్పుడు మా పొలంలో కోతా నూర్పిడీ తూర్పారా అన్నీ ఒకే యంత్రం చేసేస్తోంది, అది ఊదేసిన తాలు ఎటు పోయిందో కౌలుదారుకి తెలియదు, ధాన్యం పచ్చిగానే లారీ ఎక్కుతోంది. రన్‌వే మీద పొద్దున్నే జనం చేతులు ఊపుకుంటూ నడుస్తారు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని చెయ్యవలసిన పని ఈ చుట్టుపక్కల ఎవరికీ మిగల్లేదు. పోయిన వేసవిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు వచ్చి, ఆ కంపెనీ వాళ్ళే చేసిన కొత్త ఆట తన లాప్‌టాప్‌లో చూపించింది. తాతగారి తెప్ప ఇందులో కూడా ఉందమ్మమ్మా అంది. గాలి ఎంత పెట్టావే అని అడిగితే, ఎంతున్నా ఒకటే, అదే చూసుకుంటుంది అంది. విమానం తనంతట తనే తిన్నగా పోతుందట, చెయ్యి నిలవనక్కర్లేదు. బాంబు ఎక్కడ పడుతుందో తెర మీద పచ్చటి గుర్తు కనబడుతుందట, లెక్క కట్టనక్కర్లేదు. ఇవన్నీ నాకు చెబుతూ, తెర వంక సగం చూపుతోనే మీట నొక్కింది.

“పడింది అమ్మమ్మా” అని నా వంక తిరిగింది.

పడ్డాక ఏమనాలో నాకు ఆనాడూ తెలియలేదు. చూశానమ్మా అన్నాను.